నాలుగు తీగలు, ఒక క్షమాపణ



పోయిన నెల మన మందిరానికి కొత్త బాస్ గిటారు కొన్నాం. ఫోటో పెట్టిన దగ్గర్నుంచి మూడు రకాల ప్రశ్నలు వస్తున్నాయి. "కీబోర్డులోనే బాస్ వస్తుంది కదా అయ్యగారూ, వేరే గిటారు ఎందుకు?" అని పెద్దలు అడుగుతున్నారు. "అంత డబ్బు పెట్టినప్పుడు అయిదు తీగలది ఎందుకు కొనలేదు?" అని యవ్వనస్థులు. "మేమూ కొందామనుకుంటున్నాం, ఏది మన్నుతుంది?" అని పక్క ఊళ్ల సేవకులు. ముగ్గురికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

అయితే కొత్త గిటారు సంగతి చెప్పాలంటే ముందు పాత గిటారు సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే నా తప్పు చెప్పాలి. మన సంఘంలో చాలామందికి అది తెలుసు. దూరాన ఉన్నవాళ్లకు తెలియదు. ఆ తమ్ముడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.

పాత గిటారు

ఆరేళ్ల క్రితం మందిరానికి మొట్టమొదటి బాస్ గిటారు తెచ్చింది నేనే. విజయవాడలో ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తుంటే, ఒక షాపులో ఎర్రగా మెరుస్తూ వేలాడుతోంది. 6,500 రూపాయలు ఇచ్చి తెచ్చేశాను. దాని మీద కంపెనీ పేరు కూడా లేదు. వాయించబోయే అబ్బాయిని ఒక మాట అడగాలని నాకు తోచలేదు. బైబిలు కాలేజీలో ఉన్నప్పుడు సువార్త బృందంతో ఊళ్లు తిరిగి నేనూ రెండేళ్లు బాస్ వాయించాను కదా, నాకు తెలియంది ఏముందిలే అనుకున్నాను.

వాయించేది మన క్వయర్ తమ్ముడు. తండ్రి లేడు, నాయనమ్మ పెంచింది. పగలంతా రొయ్యల చెరువు మీద మేత వేసే పని. సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని ప్రాక్టీసుకు వచ్చేవాడు. ఎవరూ నేర్పలేదు, ఫోన్లో చూసి, చెవితో విని పట్టుకున్నాడు.

ఆ గిటారును మేం మందిరంలో బీరువా మీద పెట్టేవాళ్లం. పైన సిమెంటు రేకులు. మన దివిసీమ ఎండలకు మిట్టమధ్యాహ్నం ఆ రేకుల కింద నిలబడలేం. వానాకాలం వస్తే సముద్రపు గాలికి తలుపు గడియలే తుప్పు పడతాయి. రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు అది ఆ బీరువా మీదే ఉంది.

నాలుగేళ్ల క్రితం సెమీ క్రిస్మస్ రాత్రి. పందిరి నిండా జనం, బయటి ఊళ్ల నుంచి వచ్చిన అతిథులు, వేదిక మీద నలుగురు సేవకులు. రెండో పాట మధ్యలో బాక్సుల్లోంచి తుపాకీ పేలినట్టు ఒక శబ్దం వచ్చింది. ఆ వెంటనే చెవులు మూసుకునేంత హమ్మింగు. పిల్లలు ఏడ్చారు. పాట ఆగిపోయింది. తమ్ముడు వంగి కేబులు సరిచేయబోయాడు, మళ్లీ పేలింది. నా చేతిలో మైకు ఉంది. అతిథుల ముందు పరువు పోయిందన్న కోపం నెత్తికెక్కింది. "దేవుని వస్తువును జాగ్రత్తగా చూసుకోవడం చేతకానివాళ్లు ఆరాధనలో ఎందుకు నిలబడాలి?" అన్నాను. మైకులోనే అన్నాను.

వాడు ఏమీ అనలేదు. కేబులు పీకి, చుట్టి, గిటారును కుర్చీకి ఆనించి పందిరి వెనక నుంచి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు మందిరానికి రాలేదు. వాళ్ల నాయనమ్మ మాత్రం ప్రతి ఆదివారం వచ్చి తన చోట తాను కూర్చునేది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆవిడ అడగకపోవడం నాకు అడిగినదానికంటే బరువుగా ఉండేది. అయినా నేను కదల్లేదు.

మెకానిక్కు విప్పి చూపించింది

గుడారాల పండుగ దగ్గర పడింది. వాడి బదులు ఇంకో కుర్రాడితో వాయిద్దామని గిటారును విజయవాడలో రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెనక మూత విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు.

కేబులు గుచ్చే జాక్ దగ్గర తీగకు టంకం సరిగా పట్టలేదు, ఒక్క పోగు మీద వేలాడుతోంది. తీగలకు కలపవలసిన ఎర్తు వైరును అసలు కలపనే లేదు. అంటే హమ్మింగు కొన్న రోజు నుంచీ ఉన్నదే. ఆ జాక్ వైరు చుట్టూ ఎవరో సన్నగా ఇన్సులేషన్ టేపు చుట్టి, దారంతో కట్టి ఉంచారు. ఎంత శ్రద్ధగా కట్టారో చూస్తేనే తెలుస్తోంది. ఆ దారం మన తమ్ముడిది. వలలు కుట్టే నైలాన్ దారం.

"మెడ కూడా వంగిపోయిందండీ, తీగలు ఇంత ఎత్తున ఉన్నాయి. ఇది ఎండ దెబ్బ. ఎక్కడ పెడతారు దీన్ని?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వి, "ఇన్నాళ్లూ దీని మీద వాయించిన కుర్రాడెవరో గాని, వేళ్లు కోసుకుపోయి ఉంటాయండీ" అన్నాడు.

తిరుగు బస్సులో అవనిగడ్డ వచ్చేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది.

మర్నాడు చెరువు మీదికి వెళ్లాను. గట్టు మీద మేత బస్తాల దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, "వందనాలు అయ్యగారూ" అన్నాడు. "తప్పు నాది, నాన్నా. చవక గిటారు కొన్నది నేను. ఎండలో పెట్టింది నేను. నిన్ను అన్నదీ నేనే. నన్ను క్షమించు" అన్నాను. వాడు చాలాసేపు చెరువులో తిరుగుతున్న ఏరియేటర్ల వైపు చూశాడు. "సరేనండి" అన్నాడు. కాసేపాగి మెల్లగా, "కానీ అయ్యగారూ, మీరు ఆ రోజు అన్నది మైకులోనండి" అన్నాడు.

అంతే. ఇంకేం అనలేదు.

బలిపీఠం దగ్గర కానుక పెట్టే ముందు సహోదరునితో సమాధానపడాలన్న ప్రభువు బోధ మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. కానీ మైకులో క్షమాపణ అడగడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. కాపరి మాటకు విలువ తగ్గుతుందేమో, పెద్దలు ఏమనుకుంటారో అని లోపల లెక్కలు. మూడో ఆదివారం ప్రసంగానికి ముందు, ఆ రాత్రి ఏ మైకు పట్టుకున్నానో అదే మైకు పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పి క్షమాపణ అడిగాను. వాడు ఆ రోజు మందిరంలో లేడు. నాయనమ్మ ఉంది. ఆవిడ వెళ్లి చెప్పింది కాబోలు, ఇంకో మూడు వారాలకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. గిటారు ముట్టుకోవడానికి మరో నెల పట్టింది.

అప్పుడే ఒక తీర్మానం చేసుకున్నాను. ఈసారి కొంటే వాయించేవాడే ఎంచుకోవాలి, నేను సంచి మోయడానికి వెళ్లాలి. స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం డబ్బు, యవ్వనస్థుల క్రిస్మస్ క్యారల్స్ కానుకలు కలిపి రెండేళ్లు దాచాం. ఆ రెండేళ్లలో ఆ తమ్ముడి దగ్గర నేను నేర్చుకున్నవే ఇప్పుడు రాస్తున్నాను.

ఏది మన్నుతుంది

పూర్వం బాస్ అంటే మనిషంత ఎత్తున్న వాద్యం, నిలబెట్టి వాయించేది. మోయడం కష్టం, డ్రమ్స్ పక్కన వినబడడం ఇంకా కష్టం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1951లో దాన్ని భుజాన తగిలించుకునే చెక్క పలకగా మార్చాడు. వీణకున్నట్టు మెడ మీద మెట్లు బిగించాడు, స్వరం ఖచ్చితంగా పలుకుతుంది కాబట్టి ప్రెసిషన్ బాస్ అని పేరు పెట్టాడు. విచిత్రం ఏమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు. రిపేరు చేసేవాడి బుర్రతో ఆలోచించాడు. మెడను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. డెబ్బై ఏళ్లు దాటినా ఇవాళ మనం కొనే గిటార్లలో ఎక్కువ భాగం ఆ పద్ధతిలోనే వస్తున్నాయి. మన పల్లెలకు అదే మంచిది. మెడ అతికించి, తల బాగా వెనక్కి వంచిన గిటార్లు చూడ్డానికి అందంగా ఉంటాయి, కింద పడితే తల దగ్గరే విరుగుతాయి.

నాలుగు తీగలే కదా అనుకోకండి. శ్రుతి చేసిన బాస్ తీగలు నాలుగూ కలిపి మెడను లాగే బలం ఇంచుమించు ఒక 75 కేజీల ధాన్యం బస్తా బరువంత ఉంటుంది. పగలూ రాత్రీ ఆ బస్తాను మోసేది ఆ సన్నని మెడ. దాని లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, తీగలు ముందుకు లాగుతుంటే అది వెనక్కి పడుతుంది. ఎండకు, చెమ్మకు చెక్క కదిలినప్పుడు దాన్ని కాస్త తిప్పి సరిచేయాలి. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పి, ఒక రోజు ఆగి చూడాలి. షాపులో చూసేటప్పుడు ఒక తీగను మొదటి మెట్టు మీద, చివరి మెట్టు మీద నొక్కి పట్టుకుని మధ్యలో సందు చూడండి. పోస్టు కార్డు దూరేంత సందుంటే చాలు. వేలు దూరేంత ఉంటే మెడ వంగినట్టు. అసలు సందే లేకపోతే వెనక్కి వంగినట్టు.

ముందుగా పాడయ్యేది చెక్క కాదు, జాక్. కేబులు మీద ఎవరో కాలు వేస్తారు, అది లాగుతుంది, నట్టు వదులవుతుంది, లోపల వైరు మెలిపడి తెగుతుంది. అందుకే కేబులును ముందు భుజం పట్టీ వెనక నుంచి ఒక మెలిక తిప్పి అప్పుడు గుచ్చాలి. ఎవరైనా తొక్కినా లాగుడు పట్టీ మీద పడుతుంది, జాక్ మీద పడదు. ఈ చిన్న సంగతి తెలిస్తే ఆ సెమీ క్రిస్మస్ రాత్రి ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక తీగలు. ఉప్పు గాలి, చెమట రెండూ తీగలకు శత్రువులు. వాయించాక పొడి గుడ్డతో తుడిస్తే చాలు, నెలలు ఎక్కువ వస్తాయి. చుట్టు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ అనే రకం ఉంది, మురికి పట్టే సందులు దానికి తక్కువ. ధర ఎక్కువైనా చాలాకాలం వస్తుంది, మోత గుండ్రంగా, మెత్తగా ఉంటుంది.

ఏది వినబడుతుంది

"కీబోర్డులో బాస్ ఉంది కదా" అన్న పెద్దలకు ఇక్కడ జవాబు. ఉంది. కానీ కీబోర్డు వాయించే చెల్లి ఎడమ చేతిని కిందికి పంపితే పాటకు తోడుండే చేయి ఒకటి తగ్గుతుంది. పైగా బాస్ గిటారు వాయించేవాడి కళ్లు డ్రమ్స్ మీద ఉంటాయి. ఇద్దరి దెబ్బ ఒకేసారి పడితే సంఘమంతా ఒకేసారి చప్పట్లు కొడుతుంది. పాట పరుగెత్తడం ఆగుతుంది. మన సంఘంలో పాట మొదలైనప్పటికంటే చివరికి వేగం రెట్టింపయ్యేదని మీకందరికీ తెలిసిందే.

బాస్‌లో కింది తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. చెట్టుకు కట్టే మైకు బూరలకు అంత కింది స్వరం పలికే శక్తి లేదు. వాటిలో బాస్ వినబడదు, దాని పై ఛాయలు మాత్రమే వినబడతాయి. పన్నెండు, పదిహేను అంగుళాల స్పీకరు ఉన్న బాక్సులు కావాలి. అయిదు తీగలది కొంటే ఇంకా కింద, సెకనుకు 31 ఊపుల దాకా వెళ్తుంది. యవ్వనస్థులు ఎంత చెప్పినా ఆ తమ్ముడు ఒప్పుకోలేదు. "మన బాక్సుల్లో ఆ అయిదో తీగ పలకదండి అయ్యగారూ. పలకని తీగకు డబ్బులెందుకు?" అన్నాడు. నేను అయితే కొనేసేవాణ్ణి.

మోతను మార్చేది ఎక్కువగా తీగల కింద ఉండే అయస్కాంతపు పికప్పులు. ప్రెసిషన్ రకంలో 1957 నుంచి పికప్పును రెండు ముక్కలుగా చేసి పెడుతున్నారు. ఆ రెండూ ఒకదాని హమ్మింగును ఇంకొకటి కొట్టేస్తాయి. మోత బొద్దుగా, గుంపులో కూడా తేలేటట్టు ఉంటుంది. 1960లో వచ్చిన జాజ్ బాస్‌లో రెండు వేర్వేరు పికప్పులు. మెడ కూడా పైభాగంలో సన్నం, ప్రెసిషన్‌కు దాదాపు 41 మిల్లీమీటర్లయితే దీనికి 38. వేళ్లకు సుఖం, స్వరం స్పష్టం. కానీ రెండు పికప్పులూ సమానంగా తెరిచి ఉంటేనే హమ్మింగు పోతుంది. ఒకటి తగ్గిస్తే 50 సైకిళ్ల కరెంటు మోత తొంగిచూస్తుంది. సీరియల్ లైట్లు, ట్యూబులైట్ల చోకులు, జనరేటరు ఉన్న మన పందిళ్లలో ఇది పెద్ద సంగతి.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడేటప్పుడు ఇంకో సంగతి గమనించాను. వాటిలో చాలావరకు రాగాల్లో కట్టినవి. సినిమా పాటకు మార్చినట్టు ప్రతి చరణానికీ కింది స్వరం మారిస్తే రాగం చెడుతుంది. తంబురాలాగా షడ్జం, పంచమం పట్టుకుని, తాళం పడే చోట మాత్రమే పలకాలి. ఇది నేను నేర్పలేదు. పెద్దావిడలు పాడుతుంటే విని వాడే కనిపెట్టాడు. మంచి బాస్ వాయించేవాడికి ఎప్పుడు వాయించకూడదో తెలుస్తుంది.

జేమ్స్ జేమర్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1936లో అమెరికాలో దక్షిణ కెరొలైనాలోని ఒక దీవిలో పుట్టి, డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డులకు వాయించాడు. 1962 నాటి ప్రెసిషన్ గిటారు, చదును చుట్టు తీగలు, కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాడట. ఆ పాటలు లోకమంతా విన్నా, చాలా ఏళ్లు రికార్డు అట్టల మీద ఆయన పేరు వేయలేదు. 1971లో గాని పేరు పడలేదు. 1983లో చనిపోయాడు. పాట నిలబెట్టి, పేరు లేకుండా ఉండిపోయేవాళ్లు సంఘాల్లోనూ ఉంటారు. శరీరంలో బలహీనమనిపించే అవయవాలే మరి అవసరమైనవని పౌలు కొరింథీయులకు రాసింది వాళ్ల గురించి కూడా అనుకుంటాను.

పందిట్లో ఏది పనికొస్తుంది

గుడారాల పండుగలో ఒక్కో రాత్రి మూడు గంటలు నిలబడి వాయించాలి. సామాన్యంగా బాస్ గిటారు మూడున్నర నుంచి నాలుగున్నర కేజీలుంటుంది. ఒక కేజీ తేడా అంటే మూడో గంటలో భుజానికి తెలుస్తుంది. షాపులో పట్టీ తగిలించుకుని ఎడమ చేయి వదిలేయండి. మెడ నేలకు వాలిపోతుంటే, వాయించేటప్పుడు ఆ బరువును చెయ్యే మోయాలి, వేళ్లు స్వేచ్ఛగా కదలవు.

రెండోది బ్యాటరీ. యాక్టివ్ రకం గిటారులో లోపల చిన్న సర్క్యూటు ఉంటుంది. మోతను గిటారు మీదే ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు, పొడుగాటి కేబులు వేసినా స్వరం మసకబారదు. దానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ కావాలి. కేబులు గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా బ్యాటరీ తరిగిపోతుంది. అయిపోతే చాలా మోడళ్లలో శబ్దమే రాదు, కొన్నింటిలో మాత్రం బ్యాటరీ లేకుండా పలికించే మీట ఉంటుంది. ప్యాసివ్ రకానికి ఈ గొడవ లేదు. కేబులు గుచ్చితే పలుకుతుంది.

మూడోది ముఖ్యం. బాస్‌ను తిన్నగా మిక్సరుకు కలిపితే మోత పీలగా వస్తుంది. మధ్యలో డీఐ బాక్సు అనే చిన్న డబ్బా పెట్టాలి. దాని మీద ఎర్తు విడదీసే మీట ఉంటుంది, హమ్మింగు వస్తే అది నొక్కి చూడండి. అంతేగాని హమ్మింగు పోతుందని ఆంప్లిఫయరు ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను ఎప్పుడూ పీకకండి. ఎర్తు లేని చోట తీగల మీద చేయి, మైకుకు పెదవి తగిలితే షాకు కొడుతుంది. తడి నేల మీద అది ప్రాణం మీదికి వస్తుంది. మన బిడ్డల ప్రాణం కంటే హమ్మింగు మంచిది.

మేం కొన్నది

బస్సెక్కి ఇద్దరం విజయవాడ వెళ్లాం. నేను ఒక స్టూలు మీద కూర్చుని నోరు మూసుకున్నాను. అది నాకు ఎంత కష్టమో మా ఇంట్లో అమ్మగారిని అడగండి.

వాడు నాలుగు గిటార్లు దింపించుకున్నాడు. ముందు ఒక్కోదాన్నీ కేబులు లేకుండా వాయిస్తూ, చెక్కకు గడ్డం ఆనించి విన్నాడు. తరువాత పట్టీ తగిలించి చేయి వదిలి చూశాడు. జాక్‌లో కేబులు పెట్టి అటూ ఇటూ ఊపాడు. గుండీలు తిప్పి గరగర వస్తుందేమో చూశాడు. ఫెండర్ వాళ్లదే తక్కువ ధర పేరు స్క్వైర్, అందులో జాజ్ రకం చేతికి బాగా నచ్చింది, కానీ ఒక పికప్పు తగ్గించగానే షాపు లైట్ల మోత వినబడింది. ఐబనెజ్ జీఎస్ఆర్ నాలుగింటిలో తేలిక, మెడ సన్నం. మోత పెంచే సర్క్యూటు ఉంది, దానికి బ్యాటరీ కావాలి. "ఆదివారం పొద్దున చెరువు మీద నుంచి తిన్నగా వస్తానండి. అప్పుడు బ్యాటరీ అయిపోతే మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుందండి?" అన్నాడు. పట్నంలో వాయించేవాళ్లకు అది చక్కని గిటారు. మిగిలినవి కోర్ట్ యాక్షన్, యమహా టీఆర్‌బీఎక్స్ 174. రెండూ ప్యాసివ్, రెండింటికీ స్క్రూల మెడ, రెండింటిలోనూ ముందు ప్రెసిషన్ పికప్పు, వెనక జాజ్ పికప్పు. ఏది కొన్నా తప్పు లేదు. చాలాసేపు మార్చి మార్చి వాయించి, మెడ తన చేతికి కుదిరిందని యమహా తీసుకున్నాడు.

ఆ కంపెనీ కథ నాకు ఇష్టం. 1887లో జపాన్‌లోని హమమత్సులో ఒక బడిలో పాడైన రీడ్ ఆర్గనును బాగుచేయడంతో తొరకుసు యమహా పని మొదలుపెట్టాడు. మన హార్మోనియం లాంటి వాద్యమే అది. అటు ఫెండరూ రిపేరు చేసేవాడే, ఇటు యమహా కూడా అంతే. విప్పి చూసినవాడికే లోపలి సంగతి తెలుస్తుంది. నేను ఆ రాత్రి విప్పకుండానే తీర్పు చెప్పాను.

బ్యాగు, మంచి కేబులు, డీఐ బాక్సు, అదనంగా ఒక తీగల సెట్టు కలిపి 27,400 అయింది. రసీదు మందిరంలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. గిటారు ఇప్పుడు బీరువా మీద లేదు. మా ఇంట్లో, ఎండ తగలని లోపలి గోడకు, బ్యాగులో వేలాడుతోంది. తుడిచే గుడ్డ బ్యాగు జేబులోనే ఉంటుంది.

మొదటి ఆదివారం ఆరాధనలో చాలామంది దాన్ని గమనించనే లేదు. అది మంచి గుర్తే. పాట మాత్రం మొదలుపెట్టిన వేగంతోనే ముగిసింది. ఆరాధన అయ్యాక నాయనమ్మ నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "గిటారు మంచిదో కాదో నాకు తెలీదయ్యగారూ. ఈసారి వాణ్ణి అడిగి కొన్నారు, అది చాలు" అంది. నాలుగేళ్లలో ఆవిడ ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి.

ప్రియులారా, కొనబోయేవాళ్లకు నా సలహా ఒక్కటే. మెడ, జాక్, బరువు, బ్యాటరీ అన్నీ చూడండి, కానీ వాయించే బిడ్డను వెంట తీసుకెళ్లి చూడండి. ఇక మిగిలిన మనందరికీ ఒక ప్రశ్న. నలుగురిలో గాయపరచి, చాటుగా సర్దుకున్నవాళ్లు మన ఇంట్లో, మన సంఘంలో ఎవరైనా ఉన్నారా? నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఆలస్యమైనా ఫరవాలేదు. నాకు ఎనిమిది నెలలు, పైన రెండు ఆదివారాలు పట్టింది. మీకు అంత పట్టకూడదని ప్రార్థిస్తున్నాను.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.

మీ కాపరి